గురువారం మెయిల్లో అత్తయ్య

గురువారం, మధ్యాహ్నం మూడు దాటింది. బజారు నుంచి వచ్చిన అత్తగారు తన గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది, ఇంతవరకు తియ్యలేదు. కోడలు బయట, తలుపుకు వీపు ఆనించి నేలమీద చతికిలబడింది. ఒకరి మొహం ఒకరికి కనపడదు, మాటలే దిక్కు.

“టీ అయినా తాగండి అత్తయ్యా, చల్లారిపోతోంది.”

“తాగి ఏమంటానా అనేగా కాచుక్కూచున్నావు? వేడిగా ఉందన్నా మెయిలే, చల్లగా ఉందన్నా మెయిలే.”

“అయ్యో, అవేం మాటలండీ! పోట్లాడాలంటే తలుపు తీసి పోట్లాడండి.”

“తియ్యను. పోట్లాడినా రాస్తావు. నీ కంప్యూటరు ఏది?”

“హాల్లో ఉందండీ. మూసేసి వచ్చాను.”

“మరి ఏంటా టకటక?”

“ఏది? ఓ, అదా! చినుకులండీ. బాల్కనీ రేకు మీద.”

“ఇందాక వచ్చేటప్పుడు ఎండ మాడ్చేసిందే!”

“వచ్చిందండీ వాన. అది సరే, ఏమైందో చెప్పకుండా గడియ పెట్టుకుంటే నాకెలా తెలుస్తుంది?”

“నీకు తెలీదూ! కళ్ళజోడు బాగుచేయించుకుందామని వెళ్ళానా. దానికి కట్టిన ఆకుపచ్చ దారం, అదీ రాశావుగా, అది చూసి ఆ కొట్టమ్మాయి, ‘మీరు పరుపుల కంపెనీ మెయిల్లో అత్తయ్య కదూ!’ అంది.”

“నిజంగానా? గుర్తుపట్టిందా?”

“సంబరపడకు. తర్వాతేమందో విను. ‘పోయిన ఆయన దిండు ఇంకా అలాగే ఉంచారా అండీ’ అంది. కొట్లో ఆరుగురున్నారు. ఆరుగురూ నా వైపే చూశారు.”

“ఆ మెయిలుకి నాలుగొందల జవాబులొచ్చాయి అత్తయ్యా. ఒక్కళ్ళూ నవ్వలేదు. ఏడ్చామని రాశారు.”

“జ్వరంలో, నీ చెయ్యి పట్టుకుని చెప్పిన మాటే అది! మీ మామయ్య పోయి రెండేళ్ళైనా ఆయన దిండు రోజూ దులిపి పక్కన పెట్టుకుంటాననీ, పడుకునే ముందు దాన్ని నాలుగు తిడితే గానీ నిద్ర పట్టదనీ. కన్నకొడుక్కి కూడా చెప్పలేదు. నువ్వేమో లోకమంతా టముకు వేసి, అడుగున దిండు బొమ్మ పెట్టి, రెండు కొంటే ఒకటి ఉచితం అన్నావు.”

“బొమ్మ పెట్టింది మా మేనేజరండీ!”

“బొమ్మ ఆయనది. మాట నాదేగా?”

“నా బాధ కూడా వినండి. ‘నలభై శాతం తగ్గింపు, త్వరపడండి’ అని పంపితే వందమందిలో ముగ్గురు తెరిచేవారు. వాళ్ళూ పొరపాటున. నన్ను తీసేస్తామన్నారు. ఆ వారం ఏం తోచక, మీరు దిండు గలీబులు ఇస్త్రీ చేసి, నలుగుతాయని ఎవర్నీ పడుకోనివ్వని సంగతి రాశాను. అంతే! జనం గురువారం కోసం ఎదురుచూడ్డం మొదలెట్టారు. ఇప్పుడు దుప్పట్ల గురించి రాస్తే ఒప్పుకోరు. ‘అత్తయ్య ఏమంది?’ అంటారు. నాలుగింటికి మెయిలు వెళ్ళాలి. అత్తయ్య లేకపోతే నన్నూ రావద్దన్నాడు మేనేజరు.”

“మీ అమ్మ గురించి రాయి.”

“మా అమ్మ ఊరుకుంటుందా!”

“ఆహా. నేనైతే ఊరుకుంటాను.”

“అలా కాదండీ…”

“పోనీ, నీ గురించే రాసుకో.”

“నాకేముంది అత్తయ్యా రాసుకోడానికి? పొద్దున లేస్తే మీ మాటలు వినడం, గురువారమొస్తే అవి రాయడం. నాకంటూ ఒక మాట ఉండి ఎన్నాళ్ళైందో!”

“నాకున్న మాటలూ పోయాయిగా. ఈ ఇంట్లో నోరు విప్పాలంటే ముందు ఏ వారమో చూసుకోవాల్సొస్తోంది. శుక్రవారం కాస్త ధైర్యంగా మాట్లాడతాను. బుధవారానికి మూగదాన్నయిపోతాను.”

“ఏమన్నారు? బుధవారానికి…?”

“మూగదాన్ని అన్నాను. చెవుడా నీకు?”

“వాన చప్పుడండీ. సరే అత్తయ్యా, ఒట్టు. ఇక మీ గురించి ఒక్క ముక్క రాయను. తీసేస్తే తీసేయనీ.”

“ఎవరి మీద ఒట్టు?”

“మీ అబ్బాయి మీద.”

“వాడి జోలికి పోకు. నీ మీద వేసుకో.”

“నా మీదే. ఒట్టు.”

“… ఆ కొట్టమ్మాయి ఫోన్లో ఆ మెయిలు చూపించింది. కొసదాకా చదివాను. బాగా రాశావే. పాపిష్టిదానా, నాకే ఏడుపొచ్చింది.”

“అత్తయ్యా…”

“అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్తో ఏదో ఉంది. ‘ఈ మెయిళ్ళు ఇక వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి’ అని. అవునా?”

“అవునండీ. అది అందరికీ పెట్టి తీరాలి.”

“ముక్కూమొహం తెలీనివాళ్ళందరికీ పెట్టావు. నాకెక్కడ పెట్టావే? నేనెక్కడ నొక్కాలి?”

“తప్పయిపోయింది అత్తయ్యా.”

“ఏడుస్తున్నావా?”

“లేదండీ.”

“ఏడవకు. ఒట్టేశావుగా, అయిపోయింది. నాకు మాత్రం నువ్వు కాక ఇంకెవరున్నారు చెప్పుకోడానికి? ఉండు, వస్తున్నా. గదంతా చీకటి, ఈ కిటికీ తెరవనీ… ఏమే.”

“ఆఁ, అత్తయ్యా?”

“బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. వీధిలో ఒక్క చుక్క తడి లేదు. మరి ఆ టకటక ఇంకా వినిపిస్తోందేంటే?”