టీవీ నాటకంలో వీరవేణిగారు వదులుకున్న వాక్యం

శ్రీమతి వీరవేణిగారు 1972 జూన్ పద్నాలుగున మన కోర్టులో టైపిస్టుగా చేరారు. రాజోలు నుంచి తొలి బస్సులో వచ్చి, అందరికన్నా ముందు తన టైపు మిషను మీది గుడ్డ తీసే అలవాటును ముప్పైమూడేళ్లలో ఏ వానాకాలమూ మాన్పించలేకపోయింది. 1979లో స్టెనోగా పదోన్నతి పొందారు. 1988 నుంచి బాలల కేసులు వినే రోజున సాక్షుల వాంగ్మూలాలు టైపు చేసే బాధ్యత ఆమెదే. తల్లులు ఏడుస్తూ చెప్పినా, తడబడుతూ చెప్పినా, ఒక్క మాట పొల్లుపోకుండా కాగితం మీదికి తెచ్చేవారు.

1996లో హైదరాబాదు టీవీ కేంద్రం వారు, నేరాల్లో చిక్కుకున్న పిల్లల గురించి ఆమె రాసిన పదమూడు వారాల నాటకాన్ని ఎంపిక చేశారు. ప్రభుత్వోద్యోగికి శాఖ అనుమతి కావాలి గనుక, నాటకం ప్రతితో సహా ఆ దరఖాస్తు సిబ్బంది ఫైళ్లు చూసే నా బల్ల మీదికి వచ్చింది. నేను దానిని పదకొండు రోజులు సొరుగులో ఉంచాను. పని ఒత్తిడి అందుకు కారణం కాదు. అప్పటికి పదిహేడేళ్లుగా నేను వారపత్రికలకు కథలు రాస్తున్నాను. ఆఫీసులో ఎవరూ చదివిన దాఖలా లేదు. ఆమె నాటకం ఇంకా టీవీలో రాకముందే టీ వేళకు అందరూ ఆమె చుట్టూ చేరుతున్నారు.

“మీ కథలు చదవాలంటే పుస్తకం కొనాలండి. ఈవిడిదైతే కరెంటుంటే చాలండి,” అన్నాడు అటెండరు సాలమోను.

పన్నెండో రోజున, తప్పు దొరకాలన్న కోరికతోనే చదవడం మొదలుపెట్టాను. మూడో భాగంలో దొరికింది. చిన్న దొంగతనం చేసిన పద్నాలుగేళ్ల అమ్మాయి తల్లి మన కోర్టులో చెప్పిన ఒక వాక్యం యథాతథంగా అందులో ఉంది. విన్నది విన్నట్టు టైపు చేయడానికి అలవాటుపడిన వేళ్లు కల్పనలోనూ అదే ధర్మం పాటించాయి. ఆ తల్లి అమ్మే సరుకు, ఆమె కూర్చునే బస్టాండు కూడా మారలేదు. ఇలాంటి కేసుల్లో పిల్లలెవరో బయటపడకూడదన్నది చట్టం. ఆ అమ్మాయి అప్పటికి మళ్లీ బడిలో చేరి తొమ్మిదో తరగతి చదువుతోంది.

“మీ నాటకం ఆగిపోయినట్టేనండి వీరవేణిగారూ,” అన్నాను, నలుగురూ వినేలా.

ఆమె ఆ పేజీ చూసి కూర్చుండిపోయారు. “ఆగితే ఆగనివ్వండి. ఇది వచ్చుంటే ఆ పిల్ల బడికెళ్లగలదాండి? నేను చూసుకోలేదండి. మీరు చూసేరు.”

శిరస్తాదారు గంగాధరరావుగారు నచ్చజెప్పబోయారు. “ఊరు మార్చేస్తే సరిపోద్దమ్మా. ఆ మాట కూడా తీసేస్తే ఇంకేం మిగులుద్ది?”

“ఆ మాట ఆవిడదండి. ఆవిడ నోట బస్టాండంతా విన్నదే. నాది కాదండి.”

నేనయితే ఉంచుకునేదాన్ని. ఆ వాక్యం ఏమిటో ఇక్కడ రాయాలని నాకు ఈనాటికీ ఉంది. రాయను.

నాలుగు రోజుల్లో ఆ భాగం తిరగరాసి, నేరుగా నా బల్ల దగ్గరికే తెచ్చారు. “మళ్లీ చూడండి జ్యోతిర్మయిగారూ. ఇంతిదిగా ఇంకెవరు చూస్తారండి.” కొత్త ప్రతిలో తల్లి కొబ్బరిపీచు తాళ్లు పేనే మనిషి. కోర్టు వరండాలో ఆమె ఒక్క మాటా మాట్లాడదు. కూతురి జడకు ఊడిన రిబ్బను కట్టి పక్కన కూర్చుంటుంది. రెండు రోజులు వెదికాను. తప్పు దొరకలేదు. సంతకం పెట్టి ఫైలు పైకి పంపాను.

మరుసటి ఏడాది ఆ నాటకం ప్రసారమైంది. పిల్లవాణ్ణి బోనులో నిలబెట్టబోయిన టీవీ వారికి నచ్చజెప్పి కుర్చీ వేయించిన ఘనత, బాలల కేసుల్లో ఉండకూడదని చెప్పి పోలీసుకు యూనిఫారం తీయించిన ఘనత వీరవేణిగారివే. మూడో వారం ప్రసారం కాగానే మా వారు, “ఆ రిబ్బను కట్టే సీను రాసింది మీ ఆఫీసావిడేనా?” అని అడిగారు. నా కథ గురించి ఆయన అలా అడిగిన రోజు నాకు గుర్తులేదు.

2005 జూన్ నెలాఖరున వీరవేణిగారు పదవీ విరమణ చేస్తున్నారు. నా అసూయ తగ్గిందని రాస్తే ఆమె మొహం చూడలేను. ఆ తల్లి ఆ వాక్యం చెప్పిన రోజు రికార్డు అందించడానికి వెళ్లి, అదే గదిలో నేనూ విన్నాను. రాయాలని తోచింది ఆమెకు, వదులుకోగలిగిందీ ఆమే. కుటుంబ సభ్యుల నడుమ, చెదరని చూపుతో, అలసట ఎరుగని వేళ్లతో ఆమె నిండు నూరేళ్లు ఆరోగ్యంగా ఉండాలి, రాస్తూ ఉండాలి. రాసిన ప్రతిదీ ముందుగా నాకే పంపాలి. అందులో తప్పు దొరకకూడదని మాత్రం నన్ను కోరుకోమనకండి.