మడిచి గీసిన ముఖం

అమీర్‌పేట గల్లీలోని టైలర్ షాపుకు మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చిన భార్య, బట్ట కత్తిరిస్తున్న భర్తను నిలదీసింది.

"మామ పొద్దటిసంది మూతికి తువ్వాల అడ్డం పెట్టుకున్నడు. అన్నం తినమన్నా తీస్తలేడు. నువ్వేమన్నవ్?"

"ఏమనలే. నాయిన బొమ్మ గీసి చూపిచ్చిన. ఆర్నెల్లసంది నేర్సుకుంటుంటే మొదటిపారి మొఖం కుదిరింది. గిదో, చూడు."

"మూతి గింత సక్కగున్నదేంది?"

"జాకెట్ కత్తిరించినట్టే. కాగితం సగానికి మడిచి, ఒక దిక్కు గీసి, రెండో దిక్కు అచ్చు దింపిన."

"పక్షవాతమొచ్చి మూతి వంకరపోయిన మనిషికి గిది చూపిస్తవా?"

"రెండు దిక్కులు సమానం జేసుడు చేతికి అలవాటైపోయింది... మల్ల గీస్త. ఈపారి మడవకుంట, నాయినను ముందర కూసోపెట్టుకొని గీస్త."

"కూసుంటడు. తువ్వాల తీస్తడా?"