సంఘాలన్నీ ఎక్కిన బస్సు

"ఒకెద్దు తూరుపుకి, ఒకెద్దు పడమరకి, నడిమధ్య మా బండి నాట్యమాడేను..."

చిన్నప్పుడు మా తమ్ముళ్ళిద్దరినీ చెరో చంకలో వేసుకుని ఈ పాట పాడేదాన్ని. దీనికి ఇంకో చరణం ఉండాలి. నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఆ బండి ఊరు చేరిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

వాళ్ళిద్దరూ పెరిగి బస్సు డిపోలో చేరారు. పెద్దాడు డ్రైవరు, చిన్నాడు కండక్టరు. ఉద్యోగమంతా ఒకే బస్సు మీద చేశారు. రిటైరయ్యాక పెన్షను కోసం సంఘం పెట్టుకున్నారు. బోర్డు మీద డ్రైవర్ల పేరు ముందుండాలా, కండక్టర్ల పేరు ముందుండాలా అని మాటామాటా వచ్చింది. పాపం పెయింటరు కుంచె పట్టుకుని పొద్దుగూకేదాకా నిచ్చెన మీదే ఉన్నాడు. అతను దిగేసరికి సంఘాలు రెండయ్యాయి, అన్నదమ్ముల మధ్య మాటలు పోయాయి. అప్పట్నుంచీ చిన్నాడు డిపో ఇవతలి గేటు దగ్గర టీ తాగుతాడు, పెద్దాడు అవతలి గేటు దగ్గర తాగుతాడు.

ఇప్పుడేమో పెన్షన్ల ఆఫీసువాళ్ళు తెగేసి చెప్పారు. ఊళ్ళో రిటైరైనవాళ్ళ సంఘాలన్నీ ఒక్క మాట మీద వస్తేనే పెంపు సంగతి మాట్లాడతారట. సోమవారం లోపు రాకపోతే ఈ ఏటికి లేనట్టేనట. మా ఆయన ఆ డిపోలోనే మెకానిక్కు. ఆయన పోయాక నాకు వచ్చేది సగం పెన్షను. గుండె మాత్ర రోజు మార్చి రోజు మింగుతున్నాను, ఎవరికీ చెప్పకుండా. అందుకే ఆ శనివారం సాయంత్రం చిన్నాడు టీకొట్టులో సంఘాల గురించి నోరు విప్పగానే నేనూ బెంచీ చివర సర్దుకుని కూర్చున్నాను. ఈ మధ్యే అక్షరాలు నేర్చుకున్నదాన్ని, వాడి మాటల వేగం నా చేతికి అందదు. అందినంత రాస్తాను.

"నిన్న ఇద్దరు ప్రెసిడెంట్లని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టాను, తెలుసా?" అని మొదలెట్టాడు.

"బెంచీ విరగలేదు కదా?" అంది టీకొట్టావిడ.

"అసలు కథ వినవమ్మా! ఒకటేమో ఆఫీసుల్లో కూర్చుని పనిచేసినవాళ్ళ సంఘం, రెండోది నిలబడి పనిచేసినవాళ్ళ సంఘం, వాళ్ళు కూర్చుంటే గానీ మాట్లాడరు, వీళ్ళు కూర్చుంటే మాట్లాడరు, మరి ఈ ఇద్దర్నీ కలిపే మొనగాడు ఎవడైనా ఉన్నాడా? నాకు తట్టింది. సగంమంది కూర్చుని, సగంమంది నిలబడి, అందరూ కలిసి ఒకే చోటికి పోయేది ఎందులో? బస్సులో! డిపోలోంచి మన పాత బస్సు బయటికి తీయించాను. 'లోపలికి జరగండి, లోపలికి జరగండి' అన్నానో లేదో, సంఘాలన్నీ ఎక్కేశాయి."

"మా పోస్టుమాన్ల సంఘం కూడానా?" అన్నాడు రిటైరైన పోస్టుమాను.

"మీవాళ్ళకి తలుపు దగ్గర చోటు లేక, మడతపెట్టి కిటికీ సందులోంచి ఒక్కొక్కర్నీ లోపల వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొద్దున రిటైరైనవాళ్ళ సంఘానికీ, మధ్యాహ్నం రిటైరైనవాళ్ళ సంఘానికీ జగడం. మధ్యాహ్నంవాళ్ళు ఒక పూట ఎక్కువ చేశారట, ముందు సీట్లు తమవేనట. సరే అని బస్సునే అటుదిటు చేశాను, వెనక సీట్లు ముందుకొచ్చాయి, తగువు తీరింది."

"ఊపిరాడిందా వాళ్ళకి?" అంది రిటైరైన నర్సు, టీ ఊదుకుంటూ.

"అక్కడే ఉంది నా పనితనం! నేను విజిలు ఊదితే కుడివైపువాళ్ళు గాలి పీల్చాలి, మళ్ళీ ఊదితే వాళ్ళు వదలాలి, ఎడమవైపువాళ్ళు పీల్చాలి. ఒక్కడు దగ్గితే సంఘాలన్నీ దగ్గాలి. ఐకమత్యమంటే అదీ! అలా దగ్గుకుంటూ పెన్షన్ల ఆఫీసు ముందుకి వచ్చాం. చూస్తే మూడంతస్తుల మెట్లు. మనవాళ్ళ మోకాళ్ళ సంగతి మీకు చెప్పాలా? మనం ఎక్కడమేమిటి, ఆఫీసునే ఎక్కించుకుందాం అనుకున్నాను. 'జరగండి' అని ఒక్క కేక! ఆ మూడంతస్తులూ, ఫ్యాన్లూ బీరువాలూ సహా, తలొంచుకుని వెనక తలుపులోంచి ఎక్కాయి."

"పెద్దాఫీసరో?" అన్నాడు పోస్టుమాను.

"ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో! చిల్లర లేదన్నాడు, దిగేటప్పుడు చూద్దాంలే అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? 'రైట్ రైట్' అన్నాను, బస్సు గాల్లోకి లేచింది. మబ్బుల్లో ఒక స్టేజీ దగ్గర యముడు చెయ్యెత్తాడు, దున్నపోతు పక్కనే ఉంది. 'మీకు రిటైర్మెంటు ఎప్పుడు స్వామీ?' అన్నాను. లేదన్నాడు. 'అయితే ఈ బస్సు మీది కాదు' అన్నాను. ముఖం ముడుచుకుని వెనక్కి పోయాడు. ఎవరికోసం వచ్చాడనుకున్నారు? ఇదిగో, మా అక్క కోసం! నేను పంపేశాను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంత గాలి ఆ బక్క పొట్టలో ఎక్కడ దాస్తాడో అనుకున్నాను. కానీ నా చెయ్యి మాత్రం సంచీలో మాత్రల అట్టని పట్టుకునే ఉంది.

నర్సు గ్లాసు కింద పెట్టింది. "అంతా బాగుంది నాయనా. విజిలు నువ్వే ఊదావు, రైట్ రైట్ అన్నదీ నువ్వే. ఇంతకీ బస్సు తోలిందెవరు?"

చిన్నాడు ఖాళీ గ్లాసులోకి తొంగి చూశాడు. ఇన్ని సంఘాల్ని ఎక్కించాడు గానీ డ్రైవర్ల సంఘం ఊసే ఎత్తలేదని అప్పుడు నాకూ తోచింది.

"అదీ... ఐకమత్యం బలం అలాంటిది. దానంతటదే పోయింది," అన్నాడు.

"దానంతటదే పోయే బస్సుకి కండక్టరు మాత్రం ఎందుకురా?" అంది నర్సు.

టీకొట్టావిడ నవ్వబోయి, వాడి ముఖం చూసి ఆగిపోయింది. డిపో గోడ మీదుగా అవతలి గేటు దగ్గరి కొట్టు కనిపిస్తోంది. పెద్దాడు అటు తిరిగి కూర్చుని ఉన్నాడు, వీపు ఒక్కటే మాకు కనిపిస్తోంది. చిన్నాడు ఆ వీపు వంక చూశాడు. ఉద్యోగమంతా వాడు చూసింది ఆ వీపునే కదా.

"సోమవారం ఎల్లుండే కదరా," అన్నాను నెమ్మదిగా. "నా మాత్రలు..." అని, మిగతాది మింగేశాను.

వాడు నా సంచీ వంక చూశాడు. నా ముఖంలోకి చూశాడు. ఏ కోతా కొయ్యలేదు. లేచి చొక్కా సర్దుకున్నాడు.

"రెండు టీలు పొయ్యమ్మా. గ్లాసుల్లోనే, చేత్తో పట్టుకెళ్తాను."

ఆవిడ పోసింది. రెండు అడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి, నా చెవి దగ్గర వంగాడు. వాడి విజిలు గొంతు ఎటు పోయిందో, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"అక్కా, అన్నయ్య టీలో చక్కెర ఇంకా వేసుకుంటున్నాడా, మానేశాడా?"