వెనుక తలుపు

హైదరాబాదులో ఆర్థిక విధానాల శిక్షణ పొందిన జమున, వడ్ల తూకంలో మిల్లులు కోసే తరుగుపై ఏడాదిపాటు ఊరూరా తిరిగి పరిశోధించింది. నిన్న బాన్సువాడలో ఒక హాలుకు రైతులను చర్చకు పిలిచి, తేలిన సంగతులు చదువుతుండగా రైసుమిల్లు మనుషులు కర్రలతో లోపలికి దూసుకొచ్చారు. ఈ పొద్దున దవాఖానలో, ఆ మిల్లు లారీ నడిపే తమ్ముడు కిషన్ ఆమె మంచం పక్కన కూర్చున్నాడు.

“చెయ్యి ఎట్లున్నదక్కా?”

“రెండు చోట్ల ఇరిగింది. తలకు ఎనిమిది కుట్లు పడ్డయి. గంగమణవ్వ ఎట్లుంది?”

“ఇంకా తెలివికి రాలే. నీ మీద పడే కర్రకు అడ్డమొచ్చింది గద. ఇగ గీ సర్వేలు, గీ మీటింగులు బంద్ చెయ్యక్కా. ఈసారి చంపుతరు.”

“ఎనుక తలుపు దిక్కు ఉరికినం తమ్మీ. అది తెరుచుకోలే. ఆడోళ్లందరం తలుపు గుద్దుకుంట అరిచినం. వాళ్లు ఎనుకనుంచి కొడుతనే ఉన్నరు.”

కిషన్ తల వంచుకున్నాడు.

“బయటి నుంచి గొళ్లెం పెట్టింది నేనే అక్కా. కాయితాలు గుంజుకుంటరంతే అన్నరు. కొడుతరని తెల్వదు.”

“అరుపులు ఇన్నంక గూడ తియ్యలే.”

“భయమైంది.”

“నీ దగ్గు నాకు తెల్వదా? తలుపు అవతల ఇనవడ్డది.”

“మరి పోలీసులకు చెప్పినవా?”

“లేదు. నువ్వే చెప్తవని చూస్తున్న. ఐతారం మళ్ల గా హాల్లనే కూసుంటం. తరుగు సంగతి నేను చదువుత. తలుపు సంగతి నువ్వు చెప్పు.”

“నన్ను బతకనిస్తరా?”

“మీటింగుకు పిలిస్తే గంగమణవ్వ గూడ గిదే అడిగింది. అయినా వచ్చింది.”

కిషన్ లేచి కళ్లు తుడుచుకున్నాడు.

“ఐతారం దాకా నాకు ధైర్యం ఆగదక్కా. ఇప్పుడే ఠాణాకు పోత.”