అక్క కారు, బావ రిపేరు

హలో… ఆ, నేనే బావా, చెప్పు… ఏంటా గుసగుసలు, దొంగకి తేలు కుట్టినట్టు? అక్క ఎక్కడ?… మూడో అంతస్తులో నిద్రపోతోందా. నువ్వు కింద పార్కింగ్‌లో ఉన్నావు. ఇంకేం భయం? గట్టిగానే మాట్లాడు.

తెలుసు… తెలుసు… అక్క కారు నీడలోకి జరపమంది, నువ్వు కీ గట్టిగా తిప్పావు, అది వంగింది, స్టార్ట్ చేసే లాక్ బిగుసుకుంది. ఇదంతా ఇందాక నా తాళాల షాపులో చెప్పావుగా. కొత్త లాక్ ఇచ్చి, వచ్చి బిగిస్తానంటే, ‘ఈ మాత్రం నాకు రాదా’ అని డబ్బా చంకలో పెట్టుకుని పోయావు…

లేదు, దెప్పట్లేదు. ఐదింటికి అక్క ఆస్పత్రి డ్యూటీకి బయల్దేరుతుంది. ఇప్పుడు నాలుగుంపావు. ఈలోపు కారు కదలకపోతే చుట్టాలందరికీ ఫోన్లు వెళ్తాయి. కుళాయి కథే ఇంకా చల్లారలేదు… నువ్వు కుళాయి బాగుచేస్తే కింది వాటావాళ్ళు ఇంట్లో గొడుగు వేసుకున్నారు, ఎలా చల్లారుతుంది?

…నవ్వలేదు. దగ్గొచ్చింది.

ఏంటీ?… జన్మకో పనైనా సవ్యంగా చేసి, అక్క చేత ‘బాగుంది’ అనిపించుకోవాలనా?… అయ్యో బావా. ఇక ఏడిపించను. కాసేపు.

బ్యాటరీకి నల్ల వైరు ఊడదీశావా?… మంచిది. స్టీరింగ్ కింద ప్లాస్టిక్ తొడుగు, మూడు స్క్రూలు… రెండేనా? మూడోది లోపలికి ఉంటుంది, తడుము… అది నీ మోకాలు. ఇంకొంచెం పైకి… ఆ!

గుండ్రంగా కనబడుతోందే, అదే లాక్. లోపల వరసగా సన్నటి పలకలుంటాయి. సరైన కీ పెడితే అన్నీ సర్దుకుని దారిస్తాయి. బలవంతం చేస్తే అలుగుతాయి… అక్కలాగానా? ఆ మాట నేననలేదు, నువ్వే అన్నావు.

పక్కన చిన్న బెజ్జం ఉందా? సన్నటి పుల్ల దూర్చి నొక్కు… ఇనప పుల్ల బావా, అగ్గిపుల్ల కాదు… నొక్కినా రాలేదా? రాదు. కీ మొదటి మెట్టు దాకా తిప్పి పట్టుకుంటేనే లోపలి పిన్ను లొంగుతుంది… తిరగట్లేదనేగా గొడవంతా అంటావా? బలం వద్దు, బుజ్జగించు. కీ కాస్త వెనక్కి లాగి, అటూ ఇటూ… మెల్లగా… పాట పాడక్కర్లేదు…

…ఊడొచ్చిందా! శభాష్! మా బావ బంగారం!… ఎగరకు, తల తగుల్తుంది—

తగిలిందా.

ఇప్పుడు కొత్తది. దాని కీ దానికే పెట్టి, అదే మెట్టు దాకా తిప్పి లోపలికి తొయ్యి… టిక్కుమందా? అంతే. నల్ల వైరు తగిలించి స్టార్ట్ చెయ్యి… ఆ… ఆ… వినబడింది! ఇక్కడిదాకా వినబడింది!

మళ్ళీ ఏం దిగులు?… అక్క హ్యాండ్‌బ్యాగులో కీ దీనికి పట్టదు, దొరికిపోతాననా? పిచ్చి బావా, ఎందుకు పట్టదు? ఆ కీకి సరిపోయేలాగే పలకలన్నీ ఒక్కొక్కటీ పేర్చాను. నా పనంటే ఏమనుకున్నావు?…

…

అక్క కీ నా దగ్గరికెలా వచ్చిందంటే… అబ్బా. నోరు జారాను.

సరే, విను. నేను చెప్పానని చెప్పకు, నా మీద ఒట్టు. సోమవారం అక్కే వచ్చింది. రంగు డబ్బా మూత కారు కీతో లేపిందట. అది వంగింది. వంగినదాన్నే తిప్పి తిప్పి లాక్ చెడగొట్టింది… ఆ, ‘దేనికి వాడాల్సింది దానికే వాడాలి’ అని నీకు రోజూ పాఠం చెప్పే అక్కే. హ్యాండ్‌బ్యాగులో ఉన్న రెండో కీ, మంచిది, నాకు చూపించి, కొత్త లాక్ తయారుచెయ్యమంది. ఇవాళ వంకర కీ నీ చేతికిచ్చి, కారు జరపమంది… ఎందుకా? నీ చేతిలో పాడైతే ఎవరూ ఆశ్చర్యపోరు కదా.

నేనా? నాదేముంది బావా, ఏ ఎండకా గొడుగు…

తిట్టవేం?… ఏంటీ?… ఆ, అవును, నువ్వు పాడుచెయ్యలేదు… నాలుగోసారి అంటున్నావు బావా. నువ్వు పాడుచెయ్యలేదు. పైగా బాగుచేశావు. నిజంగా బాగా చేశావు.

ఏంటా చప్పుడు?… లిఫ్టా? అక్క దిగిందా? అయ్యో, ఒట్టు గుర్తుంచుకో—

హలో… ఆ, నేనే అక్కా… బావే బిగించాడు, నాది మాటసాయమే… బాగుందా? నాకెందుకు చెప్తావు, పక్కనే ఉన్నాడుగా, అతనికి చెప్పు… చెప్పావా! ఏమన్నాడు?… ‘నేనే మొరటుగా తిప్పి పాడుచేశాను, క్షమించు’ అన్నాడా. నిన్నింకేమీ అనలేదా?… గొంతు తగ్గిందేంటక్కా?

ఆ?… చేతిలో ఏదో పెట్టాడా… స్క్రూడ్రైవరా?… ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగులో ఉంచుకోమన్నాడా… డబ్బా మూతలకి పనికొస్తుందనీ…

హలో? హలో? సిగ్నల్ సరిగా లేదక్కా, అరిచినా వినబడట్లేదు—