వెనక కిటికీ

క్షయ రోగుల ఇళ్లకు వెళ్లి మందు మింగించే పని ఈసారి వేరే సంస్థకు దక్కింది. పాత సంస్థ నర్సు ఫైళ్లు తెచ్చి ఆరోగ్యాధికారి బల్ల మీద పెట్టింది.

"అన్నీ ఇచ్చేసినట్టేనా అమ్మా?"

"ఇచ్చానండీ. పదిహేడో నంబరు తాతగారి సంగతే ఫారంలో పట్టలేదు."

"ఏంటది?"

"ఆయనకు చెవుడు. తలుపు కొడితే వినపడదు. వెనక కిటికీ దగ్గర నిలబడి చెయ్యి ఊపాలి."

"దానికి గడి లేదమ్మా."

"'ఇంట్లో లేరు' అనడానికి ఉందిగా. రేపొచ్చేవాళ్లు తలుపు కొట్టి, అందులో టిక్కు పెట్టి పోతారు."

"వాళ్లు రోజుకు నలభై ఇళ్లు తిరుగుతామన్నారు."

"తిరుగుతారండీ, తలుపు దాకా. తాతగారికి ఇంకా రెండు నెలల మందుంది. మధ్యలో ఆగితే జబ్బు మళ్లీ మొదటికొస్తుంది."

అధికారి ఫారం వెనక్కి తిప్పి పెన్ను తీశాడు.

"కిటికీ దగ్గరికి ఎటునుంచి వెళ్లాలి, ఎడమవైపా, కుడివైపా?"