బరువంతా తాడు మీద వేసిన రోజు

పందొమ్మిది వందల తొంభై, జూన్ పదకొండవ తేదీన మన ఆంగ్ల-తెలుగు నిఘంటు కార్యాలయంలో ప్రూఫులు దిద్దే ఉద్యోగంలో చేరి, అంచెలంచెలుగా ప్రధాన సంపాదకురాలి స్థానానికి ఎదిగి, నేడు పదవీ విరమణ చేస్తున్న ఎర్రసిరా మేడమ్ గారిని అభినందించే భాగ్యం నాకు దక్కింది. ఆ పేరు మేం చాటున పెట్టుకున్నదే. వారికి మొదటి నుంచీ తెలుసట.

చేరిన తొలినాళ్ల నుంచీ వారిది ఒకటే నియమం: క్రియాపదానికి అర్థం రాయాలంటే ఆ పని కళ్లారా చూడాలి, వీలైతే చేసి చూడాలి. మరొక అలవాటు మాత్రం మమ్మల్ని కాల్చుకు తినేది. ఎవరు దిద్దిన పుటనైనా మళ్లీ తామే దిద్దేవారు తప్ప, ఎవరి మీదా భారం వేసేవారు కారు.

సంపాదకురాలైన ఏడాదే, తొలి పుటలు అచ్చుకు వెళ్లవలసిన నాడు, ‘అబ్‌సైల్’ దగ్గర వారి కలం ఆగింది. ‘కిందికి’, ‘తాడు’ అనే రెండు జర్మన్ మాటలు కలిసి పుట్టిన ఈ క్రియకు చిత్తుప్రతిలో ‘తాడు పట్టుకొని కొండ దిగు’ అని ఉంది. వారికి నచ్చలేదు. సాయంత్రంలోగా పుటలు ఇవ్వాలని ప్రెస్సువారు తొందరపెడుతున్నా, నన్ను వెంటబెట్టుకొని, పర్వతారోహణ నేర్పే తమ్ముడి దగ్గరికి బయలుదేరారు.

నిటారైన రాతివాలు. నడుముకు పట్టీ బిగించి తాడు కట్టారు; రక్షణ తాడు కొస తమ్ముడి చేతిలో ఉంది. మేడమ్ చిత్తుప్రతిలో ఉన్నట్టే తాడును రెండు చేతులా బిగించి, బండను బల్లిలా కరుచుకొని దిగసాగారు. సగంలో కాలు జారింది. మోకాలు బండకు కొట్టుకుంది. పైనుంచి చూస్తున్న నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

“అక్కా, చేతుల్తో వేలాడకు. వెనక్కి వాలి తాడు మీద కూర్చో,” అన్నాడు తమ్ముడు.

“నువ్వు గట్టిగా పట్టుకున్నావా?”

“పట్టుకున్నా. నన్ను కూడా దిద్దకక్కా. ఈ ఒక్కసారికి నమ్ము.”

మేడమ్ బండను వదిలారు. ఆ తర్వాత మెల్లగా వెనక్కి వాలారు, బండకు పాదాలు ఆనించారు, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ నేలకు చేరారు.

మేం కిందికి వెళ్లేసరికి తాడు ఒరుసుకొని వారి అరచేతులు కలం పట్టలేనంతగా కమిలిపోయాయి. అందుకే అర్థం నాకు చెప్పి రాయించారు: ‘నడుముకు కట్టిన తాడుపై భారం మోపి, నిటారు తలం వెంట వెనక్కి అడుగులు వేస్తూ దిగు.’ కొండలెక్కేవారికే కాక, ఎత్తైన మేడల అద్దాలు తుడిచేవారికీ ఈ మాట వాడతారని చేర్చమన్నారు. నేను రాసిన పుట ఎర్రసిరా తగలకుండా అచ్చుకు వెళ్లడం అదే మొదలు. ఆనాటి నుంచి వారు పని అప్పగించడం నేర్చుకున్నారు. మేం దాన్ని మోయడం నేర్చుకున్నాం.

ఈ అభినందన సంచికను కూడా వారికి చూపకుండానే అచ్చు వేయించాం. తప్పులుంటే మన్నించరు, మాకు తెలుసు.

మేడమ్, మీరు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలి. తాడు కొస మేం గట్టిగానే పట్టుకున్నాం. మీరు నిశ్చింతగా వెనక్కి వాలండి.